మన సంతకం ఇంకొకరు పెడితే

సంతకం చేసి తీసుకోవలసిన కవరు ఒకటి మన పేరున వస్తుంది. మన చేతికి అందదు. అందినట్టు మాత్రం కాగితం మీద ఉంటుంది. ఎవరో గీసిన గీత మన సంతకంగా చెలామణి అవుతుంది. అప్పుడు ఉపాసకులమైన మనం ఏం చెయ్యాలి? ఓర్చుకోవాలా, ఫిర్యాదు చెయ్యాలా?

ఆదివారం వందన ముగిశాక జరిగే మాటల్లో ఈ ప్రశ్న తరచు వస్తూ ఉంటుంది. "పోనీలెండి, పొట్టకూటి కోసం ఎండలో తిరిగే పిల్లవాడు" అంటారు కొందరు. "ఫిర్యాదు అంటే ద్వేషమే కదా, మరి ఖంతి ఏమైనట్టు?" అంటారు మరికొందరు. "ఇంత చిన్న విషయానికి ధమ్మం దాకా ఎందుకు?" అనేవాళ్ళూ ఉన్నారు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది కాబట్టి మూడింటికీ జవాబు చెప్పుకోవాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. అబద్ధపు సంతకాన్ని అబద్ధమని చెప్పడం నాలుగో శీలాన్ని నిలబెట్టే పని. అయితే ఆ చెప్పే తీరు కూడా ధమ్మానికి లోబడి ఉండాలి.

పాండేసరలో ఎందుకు ఎక్కువ

సూరత్‌లోని పాండేసర సంగతి తెలిసినవారికి ఈ బాధ కొత్త కాదు. జీఐడీసీ పారిశ్రామిక వాడ, అద్దకం మిల్లులు, ప్రింటింగ్ మిల్లులు, సాంచాల షెడ్లు, వాటి చుట్టూ అద్దె గదులు. తెలంగాణ నుంచి వచ్చిన నేతకార్మికులు, ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్ కూలీలు, ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీ కుటుంబాలు పక్కపక్కనే బతుకుతుంటారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుందంటే మనవాళ్ళ సంఖ్య ఏపాటిదో ఊహించుకోవచ్చు.

సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు మామూలు. పగటి షిఫ్టువాడు ఉదయం తాళం వేసి పోతాడు. రాత్రి షిఫ్టువాడు పగలు తలుపు మూసి నిద్రపోతాడు. తలుపు తట్టినా సాంచాల హోరుకు అలవాటుపడ్డ చెవికి వినబడదు. గది మారితే చిరునామా మారుతుంది, బ్యాంకులో మాత్రం పాతదే ఉంటుంది. మన ఇంటిపేరు ఒక్క ఇంగ్లీషు అక్షరంగా కుదించుకుపోతుంది. ఒకే గల్లీలో అదే పేరు గలవాళ్ళు నలుగురు ఉంటారు. ప్లాట్ నంబరు ఉంటుంది, గది నంబరు ఉండదు.

ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కవరు తెచ్చేవాడికి ఇవి కష్టం కలిగిస్తాయి. కానీ కష్టం వేరు, అబద్ధం వేరు. "వెళ్ళాను, తాళం ఉంది" అని రాస్తే అది వార్త. వెళ్ళకుండానే "తాళం ఉంది" అని రాస్తే అది అబద్ధం. కవరును మూలమీది కిరాణా కొట్లో పడేసి, తెరమీద వేలితో ఒక గీత గీసి, "స్వయంగా అందుకున్నారు" అని నమోదు చేస్తే అది ఇంకొంచెం పెద్ద అబద్ధం. ఫోన్ చేసి "ఓటీపీ చెప్పండి, సాయంత్రం తెస్తాను" అని అంకెలు రాబట్టుకుని, సాయంత్రానికి మాయమైతే దానికి మరో పేరు కూడా ఉంది. అడిగి తీసుకున్నట్టు కనిపించినా అది అదిన్నాదానమే, ఇవ్వనిదాన్ని తీసుకోవడమే.

ఆ కవరులో ఏముంటుంది

చిన్న విషయం కదా అనేవారు ఆ కవరులో ఏముంటుందో ఒక్కసారి ఆలోచించాలి. చీరో, చెప్పులజతో అయితే డబ్బు వాపసు వస్తుంది. కానీ సంతకం పెట్టి తీసుకోవాలని పంపినవాడు కోరేది సాధారణంగా విలువైన కాగితాలకే. బ్యాంకు ఏటీఎం కార్డు, పాన్ కార్డు, పాస్‌పోర్టు, ఊరినుంచి పంపిన కుల ధ్రువపత్రం, బీమా కంపెనీ ఉత్తరం, వకీలు నోటీసు. వీటిలో ఏది పోయినా కూలివాడి నెల జీతంతో తీరేది కాదు.

అన్నిటికన్నా ప్రమాదం నోటీసులతో ఉంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, సరైన చిరునామా రాసి, తపాలా రుసుము కట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపిన కాగితం అందినట్టే చట్టం భావిస్తుంది. అందలేదని రుజువు చేసుకోవలసిన బరువు అందుకోనివాడి మీదే పడుతుంది. రిజిస్టర్డ్ కవరును "నిరాకరించారు" అని రాసి వెనక్కి పంపితే, అందులోని సంగతి అతనికి తెలిసినట్టే అనుకోవచ్చని సుప్రీంకోర్టు 1981లో హర్‌చరణ్ సింగ్ కేసులో చెప్పింది. అద్దె ఇంటి నుంచి ఖాళీ చేయించే వ్యవహారం అది. చెక్కు చెల్లని కేసుల్లో నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆ నోటీసు విషయంలోనూ ఇదే భావన వర్తిస్తుందని 2007లో అలవి హాజీ కేసులో కోర్టు చెప్పింది. నోటీసు నిజంగా అందనివాడు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టి బయటపడవచ్చని ఒక దారి కూడా అదే తీర్పు చూపించింది.

చట్టం ఇలా ఎందుకు భావిస్తుంది? తప్పించుకు తిరిగే మోసగాళ్ళు ఉన్నారు కాబట్టి. బంట్రోతు గాని, తపాలా మనిషి గాని రోజూ చేసే పనిని నిజాయితీగా చేస్తాడన్న నమ్మకం మీద న్యాయం నడుస్తుంది కాబట్టి. ఆ నమ్మకం మంచిదే. కానీ అందుకే ఆ ఒక్క గీతకు అంత బలం వచ్చింది. నిద్రపోతున్న కార్మికుడు "నిరాకరించాడు" అని ఎవరో రాసిన ఒక్క మాటతో, తాను చూడని కాగితంలోని ప్రతి అక్షరం తెలిసినవాడైపోతాడు. దీన్ని చిన్న విషయం అనగలమా?

2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. ఇప్పుడు స్పీడ్ పోస్టుకే అదనంగా ఐదు రూపాయలు, దానిపై జీఎస్టీ కడితే "రిజిస్ట్రేషన్" సదుపాయం ఉంటుంది. అప్పుడు కవరును చిరునామాదారుకో, ఆయన అధికారం ఇచ్చిన మనిషికో మాత్రమే ఇవ్వాలి. ఓటీపీ చెప్పాకే ఇచ్చే పద్ధతికీ మరో ఐదు రూపాయలే. రూపాయల్లో చూస్తే కొంచెమే. పంపేవాడు ఆ ఐదు రూపాయలు కట్టేది మాత్రం "ఈ మనిషికే, ఈ చేతికే" అన్న ఒక మాట కోసం.

చేతికి ఇవ్వడం అంటే

ఈ మాట మనకు ఊరికే రాలేదు. 1917లో బాబాసాహెబ్ విదేశీ చదువు మధ్యలోనే ఆపి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. పాండేసర నుంచి రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే ఊరు అది. అక్కడ కచేరీలో బంట్రోతులు ఆయనకు కాగితాలు చేతికివ్వకుండా దూరం నుంచి బల్లమీదికి విసిరేవారని ఆయన జీవితచరిత్రకారులు రాశారు. కాగితం అందింది కదా అని ఎవరైనా వాదించవచ్చు. విసిరిన కాగితం, చేతికిచ్చిన కాగితం ఒకటి కావని మనకు తెలుసు.

ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్ మొదలైనవారు 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు పరిశీలించి 2006లో గ్రామీణ భారతంలో అంటరానితనంపై ఒక పుస్తకం ప్రచురించారు. దాదాపు నాలుగింట ఒక వంతు గ్రామాల్లో దళితుల ఇళ్ళకు ఉత్తరాలు నేరుగా అందడం లేదని అందులో తేలింది. పేటలోకి అడుగుపెట్టకుండా ఊరిమధ్యనే ఎవరి చేతనో పంపడం, కొట్లో వదిలెయ్యడం. ఈనాటి నగరంలో కులం పేరెత్తి ఎవరూ అలా చెయ్యకపోవచ్చు. గల్లీ ఇరుకు, మురుగు కాలువ, పని ఒత్తిడి అంటారు. కానీ అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తు దాకా ఎక్కే కాళ్ళు అద్దెగదుల గల్లీ మొదట్లో ఎందుకు ఆగుతాయో అడిగే హక్కు మనకుంది. అంటరానితనం కారణంగా సేవ నిరాకరించడం 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం 6వ సెక్షన్ కింద నేరం. ప్రతి తప్పు బట్వాడా వెనుకా కులం ఉందని అనడం లేదు. ఉన్నచోట దాన్ని బద్ధకంగా భావించి వదిలెయ్యకూడదు. లేనిచోట ఉందని ఆరోపిస్తే అది మన వైపు నుంచి ముసావాదం అవుతుంది.

సంతకం సంగతీ అంతే. మన తాతలు చదవలేని కాగితాల మీద దొరలు, షావుకార్లు చెప్పినచోట వేలిముద్ర వేశారు. అందులో ఏం రాసి ఉందో భూమి పోయాక తెలిసింది. బడికి పోయి సంతకం నేర్చుకున్న మొదటి తరం వాళ్ళు మనలో ఇంకా బతికే ఉన్నారు. పలకమీద తన పేరు తాను రాసుకోవడం కోసం ఎన్ని అవమానాలు పడ్డారో వాళ్ళను అడిగితే చెబుతారు. అంత కష్టపడి సంపాదించుకున్న పేరును ఇంకొకరు గీసిపారేస్తుంటే ఊరుకోవడాన్ని ఖంతి అనలేం.

అది ముసావాదమేనా

నోటితో చెప్పకపోయినా అబద్ధమవుతుందా అన్న ప్రశ్న రావచ్చు. థేరవాద వ్యాఖ్యానకారులు ముసావాదానికి నాలుగు అంగాలు చెప్పారు. విషయం నిజం కాకపోవడం, ఎదుటివారిని తప్పుదారి పట్టించాలన్న చిత్తం ఉండడం, అందుకు తగిన ప్రయత్నం చెయ్యడం, ఎదుటివారు దాన్ని గ్రహించడం. ఆ ప్రయత్నం మాటతోనే కానక్కర్లేదు, శరీరంతోనూ చెయ్యవచ్చు. తెరమీద గీసిన గీతకు ఈ నాలుగూ సరిపోతాయి. అందలేదు, అందినట్టు చూపాలన్న ఉద్దేశం ఉంది, వేలు కదిలింది, పంపినవాడు నమ్మాడు.

మజ్ఝిమ నికాయంలోని అంబలట్ఠిక రాహులోవాద సుత్తంలో భగవానుడు చిన్న రాహులుడికి నీళ్ళపాత్ర చూపించి, తెలిసి తెలిసి అబద్ధమాడేవాడిలో మిగిలే సుగుణం ఎంత కొంచెమో బోధించాడు. ఆటకు కూడా అబద్ధం ఆడకూడదని నేర్పాడు. ఆ సుత్తంలో మనకు పనికొచ్చే మరో మాట ఉంది. ఏ పనైనా చెయ్యబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, అది నాకు గాని ఇతరులకు గాని దుఃఖం తెస్తుందా అని చూసుకోమన్నాడు. ఈ పరీక్ష గీత గీసినవాడికి మాత్రమే కాదు, ఫిర్యాదు రాసేవాడికీ వర్తిస్తుంది.

ఖంతికి హద్దు ఎక్కడ

క్షాంతి విషయానికి వద్దాం. ఖంతి మన చిత్తాన్ని కాపాడేది. తిట్టినవాడిమీద పగ పెట్టుకోకపోవడం, దెబ్బ తిన్నా మెత్త విడవకపోవడం ఖంతి. తప్పును తప్పు అని చెప్పకపోవడం ఖంతి అని భగవానుడు ఎక్కడా చెప్పలేదు. అలా అయితే వినయ పిటకమే ఉండేది కాదు. వస్సావాసం ముగిసిన రోజున భిక్ఖులు పవారణ జరుపుకుంటారు. నాలో ఏ దోషమైనా మీరు చూసి ఉంటే, విని ఉంటే, అనుమానించి ఉంటే దయతో చెప్పండి అని ఒకరినొకరు అడుగుతారు. దోషం చెప్పించుకోవడాన్ని పండుగ చేసుకున్న సంఘం మనది.

నాకు జరిగిన నష్టాన్ని నేను ఓర్చుకోవచ్చు, అది నా ఇష్టం. కానీ నేను మౌనంగా ఉంటే రేపు అదే గల్లీలో పక్కగదివాడి నోటీసుకూ అదే గతి పడుతుంది. అతని నష్టాన్ని అతని తరఫున ఓర్చుకునే అధికారం నాకు లేదు.

అయితే ఎలా చెప్పాలి? ఇతరుల దోషం ఎత్తిచూపేవాడు ముందు తనలో ఐదు నియమాలు స్థిరపరచుకోవాలని వినయంలోనూ, అంగుత్తర నికాయంలోనూ ఉంది. తగిన సమయంలో చెప్పాలి. జరిగింది చెప్పాలి, జరగనిది కలపకూడదు. మృదువుగా చెప్పాలి. మేలు కలిగేట్టు చెప్పాలి. మైత్రీచిత్తంతో చెప్పాలి, లోపల ద్వేషం పెట్టుకుని కాదు. న్యాయశాస్త్రం చదివిన నాకు ఫిర్యాదు రాయడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలోనూ కనబడలేదు. సమయం అంటే కాలపరిమితి. జరిగింది అంటే సాక్ష్యం. మృదుత్వం అంటే దూషణ లేని భాష. మేలు అంటే కోరే పరిహారం. ఐదోది చట్టంలో లేదు, ధమ్మంలోనే ఉంది.

గీసిన వేలు ఎవరిది

ఐదో నియమం దగ్గరే అసలు చిక్కు వస్తుంది. కవరు తెచ్చే పిల్లవాడు ఎవరు? చాలాసార్లు మన ఇంటి పిల్లవాడే, మన పక్కబస్తీ పిల్లవాడే. కవరుకు ఇంత అని కూలి. అందించకపోతే ఆ కూలీ లేదు. పెట్రోలు తనదే. రోజుకు ఇన్ని అందించాలని పైనుంచి లెక్క. "అందలేదు" అని ఎక్కువసార్లు నమోదైతే ఐడీ మూసేస్తారు. నిజం రాస్తే జీతం తెగుతుంది, అబద్ధం రాస్తే రోజు గడుస్తుంది. ఇది ఉంటే అది కలుగుతుంది అన్న పటిచ్చసముప్పాదం ఇక్కడ కళ్ళకు కనబడుతుంది. ఆ గీత వెనుక ఒక్క వేలు లేదు, లెక్కలు వేసిన ఎన్నో చేతులు ఉన్నాయి.

పాండేసరలో ఒక ఉపాసిక ఉంది. భర్త పోయాక బీమా డబ్బు కోసం కాగితాలు పెట్టుకుంది. ఇంకొక పత్రం కావాలని, గడువులోగా ఇవ్వాలని కంపెనీ కవరు పంపింది. ఆమెకు అందలేదు. గడువు దాటిందని దరఖాస్తు మూసేశారు. కవరు ఆమే సంతకం చేసి తీసుకున్నట్టు నమోదై ఉంది. మూడు ఉత్తరాలు రాశాక ఆ రుజువు నకలు వచ్చింది. సంతకం గుజరాతీ అక్షరాల్లో ఉంది. ఆమెకు వచ్చిన సంతకం ఒక్కటే, తెలుగులో, రాత్రిబడిలో నేర్చుకున్నది. ఫిర్యాదు రాస్తుంటే ఆమె నాతో అన్న మాట ఇది: "సారూ, ఆ పిలగాని నౌకరి తియ్యుమని రాయకుండ్రి. గది నా సంతకం కాదని మాత్రం గట్టిగ రాయుండ్రి." అలాగే రాశాం. దరఖాస్తు మళ్ళీ తెరిచారు. పని తెమలడానికి చాలా నెలలు పట్టింది, తిరిగిన తిరుగుడుకు ఎవరూ పరిహారం ఇవ్వలేదు. అయినా ఆమె రాయించిన ఆ రెండు వాక్యాల్లో ఐదు నియమాలూ ఉన్నాయి.

అందుకే ఫిర్యాదులో మనిషి తల అడగకూడదు. రికార్డు సరిదిద్దమని అడగాలి. అందని కవరును "అందలేదు" అని మార్చమని, దానివల్ల కలిగిన నష్టం పూడ్చమని, మా గల్లీకి ఎవరు, ఏ వేళలో వస్తారో చెప్పమని అడగాలి. సంస్థ తన లెక్కల తప్పును ఒక్క కుర్రవాడి మీదికి నెట్టి చేతులు దులుపుకోకుండా చూడాలి. అలాగని "పాపం కుర్రవాడు" అన్న జాలితో అబద్ధాన్ని దాచిపెట్టనూ కూడదు. దాచిపెడితే ఆ లెక్కలు వేసినవాళ్ళే సుఖపడతారు.

చెయ్యవలసిన పనులు

పని వివరం కొంచెం చెప్పుకుందాం. కవరు "అందింది" అని తప్పుగా కనబడిన రోజే ఆ తెర ఫొటో తీసుకోండి. ట్రాకింగ్ నంబరు, తేదీ, గంట రాసుకోండి. ఆ గంటకు మీరు ఎక్కడున్నారో చూపే మిల్లు హాజరు చీటీ ఉంటే భద్రం చేసుకోండి. అందినట్టు చూపే రుజువు నకలు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. తపాలా శాఖ అయితే సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఆ రుసుమూ లేదు. 2023 నాటి తపాలా చట్టం పొరపాట్లకు ఉద్యోగిని బాధ్యుణ్ణి చెయ్యదు. మోసం చేసినా, కావాలని తప్పుగా ఇచ్చినా మాత్రం వదలదు. కాబట్టి వెళ్ళకుండానే వెళ్ళినట్టు రాశారని చూపే ఆధారం ముఖ్యం.

ప్రైవేటు కొరియరు అయితే ముందు సంస్థకు రాయండి. తర్వాత జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు చెప్పండి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వెయ్యవచ్చు, కంపెనీ కచేరీ ముంబయిలో ఉన్నా సూరత్‌లోనే వెయ్యవచ్చు. గడువు రెండేళ్ళు. వస్తువుకో సేవకో మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు. కోర్టు నోటీసు మీ పేరున "నిరాకరించారు" అని తిరిగిపోయినట్టు తెలిస్తే ఆలస్యం చెయ్యకుండా వకీలును కలవండి. చట్టం భావించింది తప్పని రుజువు చేసే దారి ఉంది, కానీ ఆలస్యమైనకొద్దీ అది ఇరుకవుతుంది.

మన వైపు శీలం

చివరగా మన వైపు చూసుకోవాలి. వస్తువు చూడకుండా ఓటీపీ చెప్పేవాళ్ళం మనమే. పక్కింటివాడి కవరు తీసుకుని, సాయం అనుకుని అతని పేరే సంతకంగా గీసేది మనవాళ్ళే. సాయం మంచిదే. కానీ తీసుకున్నది నేను అయితే రాయవలసింది నా పేరు. "ఫలానావారి తరఫున" అని పక్కన రాస్తే సాయమూ మిగులుతుంది, సత్యమూ మిగులుతుంది. అప్పువాడి నోటీసు వస్తుందని తెలిసి తలుపు మూసుకుని లేనట్టు నటించేవాడు కూడా ముసావాదమే చేస్తున్నాడు. చట్టం అందరినీ అనుమానించేది అలాంటి ఒక్కడి వల్లనే.

ప్రతి విహారంలోనూ, ప్రతి తెలుగు సంఘంలోనూ ఒక పుస్తకం పెట్టుకుంటే బాగుంటుంది. ఎవరి కవరు ఏ తేదీన తప్పిందో అందులో రాయాలి. షిఫ్టుల్లో ఉండేవారు తమ తరఫున కవరు తీసుకునే మనిషికి ముందే అధికార పత్రం రాసి ఇవ్వాలి. గుజరాతీ రాయగల యువకులు ఒకరిద్దరు నెలకు ఒక పూట కూర్చుని ఫిర్యాదులు రాసిపెట్టాలి. ఒక్కరి ఫిర్యాదు చెత్తబుట్టలో పడవచ్చు. ఒకే గల్లీ నుంచి తేదీలతో సహా ఇరవై వస్తే లెక్కలు వేసేవాళ్ళు తమ లెక్క తిరిగి చూసుకోక తప్పదు. బాబాసాహెబ్ చెప్పిన సంఘటితం కావడం పెద్ద సభల్లోనే జరగనక్కర్లేదు, ఇలాంటి పుస్తకంలోని పేజీల్లోనూ జరుగుతుంది.

ఆ పుస్తకంలో రాసేటప్పుడు కవరు తెచ్చే పిల్లవాడి కష్టం కూడా ఒక వరుసలో రాయండి. ఎండవేళ అతనికి గ్లాసెడు మంచినీళ్ళు ఇవ్వండి. గది నంబరు తలుపుమీద పెద్ద అక్షరాలతో, గుజరాతీలోనూ తెలుగులోనూ రాసి పెట్టండి. అతని మీద మెత్త, అతను గీసిన అబద్ధం మీద ఫిర్యాదు, రెండూ ఒకే చేత్తో చెయ్యగలిగే పనులే.